దీపం కింద కొత్త చక్రం

పెళ్లయిన నలభై రెండో రోజున రేణుకకు మొగుడి మీద మొదటిసారి కోపం వచ్చింది. అంతవరకు ఆ ఇంట్లో ఆమెకు కోపం తెచ్చుకునే తీరికే దొరకలేదు. పొద్దున లేచి వంటింటి కిటికీ తెరిస్తే చాలు, అప్పుడే కోసిన తుమ్మ మొద్దుల పచ్చి వాసన గుప్పున లోపలికొచ్చేది. కిటికీకి అవతలే వాళ్ల కట్టెల డిపో. దాని గేటు ముందునుంచి బోధన్‌కు చెరుకు లారీలు పోతుంటే ఇల్లంతా సన్నగా అదిరేది, గూట్లో గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగేవి. ఆ మోత కోసం ఆమె కావాలనే గ్లాసులను దగ్గర దగ్గరగా బోర్లించేది. రాజారాం తల తుడుచుకోకుండానే చాయ్‌కి కూర్చుంటే జుట్టులోంచి నీళ్లచుక్క సాసర్లో పడేది. బి.యస్సీ చదివిన మనిషి ఇలాంటివాటికి మురిసిపోవచ్చునా అని తనను తాను ప్రశ్నించుకునేది. మురిసిపోయేది.

అన్నిటికంటె ఇష్టమైనది దేవుని అరలోని దీపం. నిజానికి దీపం కాదు, దాని కింద పెట్టిన పీట. అరచేతిలో ఇమిడే ఉక్కు చక్రం అది, మధ్యలో చిల్లు, చుట్టూ మొనదేలిన ఏడు పండ్లు, నక్షత్రం లాగ. కాపురానికి వచ్చిన రోజే "ఇదేంది అత్తమ్మా?" అని అడిగింది. "కొత్త ఇనుము బిడ్డా. ఉగాది దాక దేవుని ముందటుంటది" అన్నది భీమవ్వ. రేణుక మళ్లీ అడగలేదు. తుప్పు పట్టకుండా దాన్ని రోజూ నూనె గుడ్డతో తుడిచి, ఒక్కొక్క పన్నుకు ఒక్కొక్క బొట్టు, ఏడు బొట్లు పెట్టేది. సాయంత్రం దీపం వెలిగిస్తే చక్రం నీడ గోడ మీద పువ్వులాగ పరుచుకునేది.

ఆ నలభై రెండో రోజు, శనివారం, పన్నెండు గంటలకు డిపోలోకి లారీ వచ్చింది. చీకటి పడితే గాని రావలసింది కాదు. బోధన్ అవతల చెరుకు బండ్ల బాటకు అడ్డంగా పెరిగిన తుమ్మలను కొట్టే పని పట్టాడు రాజారాం. ఉగాది లోపల బాట తెరిపించాలి. పొద్దున పోయిన మనుషులు మధ్యాహ్నానికే తిరిగొచ్చారంటే మోటారు రంపం మళ్లీ ఆగిపోయినట్టే.

ఎర్రన్న దిగాడు. నలభై అయిదేళ్ల మనిషి. ఒకప్పుడు పెద్ద రంపానికి ఒక కొసన తాను, ఇంకో కొసన తమ్ముడు నిలబడి టేకు దూలాలు కోసిన చెయ్యి ఆయనది. రాజారాం తండ్రి చిన్నయ్య సావుకారి, డ్యాం పనులు అయిపోయిన కాంట్రాక్టరు దగ్గర విదేశీ మోటారు రంపం ఒకటి వేలంలో కొని, నేరుగా తెచ్చి ఎర్రన్న చేతిలోనే పెట్టాడు. జిల్లాలో ఇలాంటివి రెండో మూడో ఉన్నాయనేవారు. సావుకారి పోయి రెండేళ్లయింది. ఈ రెండేళ్లలో ఆ మిషన్‌ను ఎర్రన్న తప్ప ఎవరూ ముట్టలేదు.

ఇప్పుడు ఆయన ధోతి మోకాలి కింద చిరిగి ఉంది. పిక్క మీద జానెడు పొడుగున గీరుకుపోయి రక్తం అట్టగట్టింది. తెగిన రంపం చైను ఆయన చేతిలో చచ్చిన పాములాగ వేలాడుతోంది.

"మల్ల తెంపినవా?" రాజారాం ఆఫీసు గదిలోంచి బయటికొచ్చాడు. "ఇది మూడోది! బొంబాయి నుంచి నాలుగు తెప్పిస్తే నాలుగు నెలలల్ల మూడు తెంపినవ్. ఎడ్లను గుంజినట్టు గుంజుతవా మిషన్‌ను? తాగి పట్టుకున్నవా?"

లారీ మీది నుంచి దిగుతున్న హమాలీలు దిగడం ఆపేశారు.

"తాగిన్నా లేదా గీళ్లను అడుగు సేటూ. దీపావళికి నేనేం చెప్పిన్నో యాది చేసుకో."

"సోది చెప్పకు. సోమవారం నుంచి మిషన్ హన్మాండ్లు పడ్తడు. నువ్వు మొద్దులు ఎత్తు. ఎర్రిగా, మిషన్ అంటే గొడ్డలి గాదురా!"

కిటికీ దగ్గర రేణుక చేతిలోని గరిటె ఆగిపోయింది. మొగుడి నోట ఆ పిలుపు ఆమె ఎన్నడూ వినలేదు. నిన్నటిదాకా "ఎర్రన్నా, చాయ్ తాగి పో" అన్న నోరే అది. ఈయన పిల్లగాడిగా ఉన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకుని లింబాద్రి గుట్ట మెట్లన్నీ ఎక్కిన ఎర్రన్నను పట్టుకుని, తమ్ముడి వయసు హమాలీల ముందర, ఎర్రిగా!

ఎర్రన్న లారీలోంచి మిషన్ తీసుకున్నాడు. దాన్ని నేల మీద దించలేదు. తీసుకెళ్లి డిపో మధ్యలోని మొద్దు మీద జాగ్రత్తగా పెట్టి, పక్కన కూర్చున్నాడు. రాజారాం చరచరా ఇంట్లోకి వచ్చి, చేతులు కడుక్కుని, అన్నం పెట్టమన్నాడు. భీమవ్వ పెట్టింది. రేణుక గ్లాసులో చాయ్ పోసుకుని, గుడ్డపేలిక, పసుపు తీసుకుని డిపోలోకి నడిచింది.

"కాలు చూపియ్యి ఎర్రన్నా."

"కాలుకేమైతది బిడ్డా. గీకింది, గంతె." ఆయన కాలు వెనక్కి లాక్కున్నాడు. నొప్పికి కాదని ఆమెకు తెలుస్తూనే ఉంది. "ఇరవై ఐదేండ్లు రంపం పట్టిన చెయ్యి ఇది. మొద్దులు ఎత్తుమంటడు. ఎత్తుత. కాని ఎర్రన్నకు రంపం పట్టరాదని నలుగురు అనుకుంటరు సూడు, గది నాకు సావు."

"చైను ఎందుకు తెగుతున్నది మరి?"

ఎర్రన్న ఆమె వైపు చూశాడు. ఇంతసేపటికి ఒక్కరు ఆ మాట అడిగారు. ఆయన రెండు నట్లు విప్పి మిషన్ పక్క మూత తీశాడు. లోపల నూనెతో తడిసిన పొట్టు నల్లగా పేరుకుని ఉంది. దాన్ని వేలితో తీసేస్తే, ఇరుసు కొసన చిన్న చక్రం బయటపడింది.

"సైకిల్ ఎక్కినవు గద కాలేజిల? గసుంటిదే. ఇంజన్ ఈ పండ్ల చక్రాన్ని తిప్పుతది, చక్రం చైనును గుంజుతది. ఇగ వేలు పెట్టి సూడు."

ఆమె వేలు పెట్టింది. ప్రతి పన్నుకూ ఒక పక్కన గాడి పడింది. గోరు పోయి దానిలో ఇరుక్కుంది. పండ్ల కొసలు ఒకే వైపుకు, కొడవళ్లలాగ వంగి ఉన్నాయి.

"గోరు ఇరుక్కున్నదంటే చక్రం సచ్చిందన్నట్టే. పాత చైను గా గాడికి అలవాటు పడ్డది గనుక ఎట్లనో తిరిగింది. కొత్త చైను సక్కగుంటది, చక్రమేమో వంకర. ఒక్కొక్క లింకు పన్ను మీదికెక్కి టక్కున జారుతది. గట్ల నిమిషానికి ఎన్ని వేల దెబ్బలో! ఎంత నూనె పోస్తె ఏంది, ఎంత ఆకురాయి వడితె ఏంది? కొత్త చైను పాణం ఈ చక్రమే తీస్తది. దీపావళి నాడే చెప్పిన. చైన్లు తెప్పిచ్చేటప్పుడు చక్రం గుడ తెప్పియ్యి అన్న. చైన్లు వచ్చినయ్, చక్రం రాలే. బొంబాయిల లేదేమో అనుకున్న."

"కొత్తది ఎట్లుంటది?"

"నక్షత్రం లెక్కుంటది బిడ్డా. పండ్లు నిక్కగ, రెండు దిక్కుల ఒక్క తీరుగ."

"ఎన్ని పండ్లు?"

"ఏడు."

రేణుక ఏడు బొట్లు పెట్టిన వేలి వైపు చూసుకుంది. ఆ వేలికి ఇప్పుడు నల్లటి గ్రీజు అంటి ఉంది. నలభై రెండు రోజులు. రోజుకు ఏడు బొట్లు. చైను తెగి ఎర్రన్న కాలు చీరుకుంటుంటే, తాను గోడ మీద పువ్వు నీడ చూసుకుని మురిసింది. చెవుల్లోంచి ఆవిరి పోతున్నట్టయింది ఆమెకు. "చాయ్ తాగు, ఇప్పుడే వస్త" అని లోపలికి పోయింది.

రాజారాం పప్పు కలుపుకుంటున్నాడు. భీమవ్వ పెరట్లో ఉంది.

"దేవుని అరలో ఉన్నది రంపం చక్రమేనా?"

ముద్ద నోటి దగ్గర ఆగింది. ఆయన అబద్ధమాడితే ఆమెకు ఇంత కోపం వచ్చేది కాదేమో. ఆడలేదు. తల ఊపాడు.

"ఎప్పుడొచ్చింది?"

"కార్తీకంల. చైన్లతో పాటే." గొంతు తగ్గించాడు. "మెల్లగ మాట్లాడు. పార్సిల్ శనివారం వచ్చింది. శనివారం ఇనుము ఇంట్లకు రావద్దని అమ్మ ఒక దినం బయటనే పెట్టించింది. తర్వాత మంచి రోజు అన్నది. అంతల పుష్యం వచ్చింది. మాఘంల మన పెండ్లి. ఇంట్ల పెండ్లి ఉండంగ పనిముట్టు విప్పొద్దన్నది. ఇగ ఉగాదికి అన్నది."

"చైన్లు మాత్రం వేసిండ్రు కదా?"

"చైను లేకపోతే పని బంద్. చక్రం తిరుగుతనే ఉన్నది గద అన్నది. పైగ, పాత చక్రం బాపు చేత్తో బిగించిండట. అది విప్పుతానంటే అమ్మ కండ్లల్ల నీళ్లు పెట్టుకుంటది. నేనేం చెయ్యాలె?"

"అత్తమ్మకు చెప్పే ధైర్యం లేదు. సరే. నాకూ లేదు. కాని తప్పు ఎవరిదో తెలిసి తెలిసి ఆ మనిషిని తాగినవా అన్నరు. ఎర్రిగా అన్నరు. ఆయన కాలు చూసిండ్రా మీరు? ఆ చైను ఒక జానెడు పైకి తాకితే?"

"కోపంల అన్న..."

"ఎవరి మీద కోపం? మీ మీద మీకు కోపం. దానికి ఎర్రన్న అగ్గువకు దొరికిండు!"

ఇంకేమన్నా అంటే ఏడుపొస్తుందని ఆమెకు తెలుసు. ఏడిస్తే ఆయన ఓదారుస్తాడు, ఓదారిస్తే ఈ కోపం కాస్తా కరిగిపోతుంది. ఇది కరగకూడని కోపం. ఆమె దేవుని అర దగ్గరికి పోయి, దీపాన్ని ఎత్తి చెక్క మీద పెట్టి, చక్రాన్ని చేతిలోకి తీసుకుంది.

"ఏయ్! ముట్టకు!" భీమవ్వ పెరటి గుమ్మంలో నిలబడి ఉంది. "ఇయ్యాల శనారం! ఉగాదికి ఇంక పది దినాలున్నయ్. పెట్టు ఆడ!"

"పెట్టను అత్తమ్మా."

ఆ ఇంట్లో ఆ మాట పలికిన మొదటి మనిషి తానే అయ్యుంటుందని రేణుకకు తర్వాత తట్టింది. అప్పుడు మాత్రం కాళ్లే ముందు నడిచాయి. చక్రం పట్టుకుని కోడలు, వెనక కేకలేస్తూ అత్త, ఆ వెనక ఎంగిలి చేత్తో మొగుడు. డిపోలో హమాలీలు సద్దిమూటలు విప్పుకుంటున్న వాళ్లు విప్పుకుంటున్నట్టే ఉండిపోయారు.

ఎర్రన్న లేచి నిలబడ్డాడు. ఆమె చేతిలో ఉన్నదాన్ని చూశాడు. పసుపు కుంకుమలు పెట్టిన, ఒక్క గీత కూడా పడని ఏడు పండ్లు.

"వచ్చిందా ఇది?" అన్నాడు మెల్లగా. "ఎప్పుడొచ్చింది?"



"కార్తీకంల" అన్నది రేణుక.

ఎర్రన్న వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. మార్గశిరం, పుష్యం, మాఘం, ఫాల్గుణం. ఆయన మెడ నరాలు తేలాయి. "నాలుగు నెలలు ఇంట్లనే ఉన్నదా? నేను దినాం ఆ వంకర చక్రం మీద కొత్త చైను ఎక్కిచ్చుకుంట, ఇయ్యాల నా కాలు తెగుతదా రేపు తెగుతదా అనుకుంట పని చేస్తుంటె, ఇది ఇంట్ల కూసుండి బొట్లు పెట్టిచ్చుకున్నదా?"

"తీసుకో ఎర్రన్నా" అన్నది రేణుక.

"నాకెందుకు? నా చేతుల మిషన్ లేదు. హన్మాండ్లుకు ఇయ్యి."

ఉల్లిగడ్డ కొరుకుతున్న హన్మాండ్లు ఉలిక్కిపడ్డాడు. "నాకొద్దు తల్లీ! దాని చప్పుడు ఇంటేనే నాకు చెమటొస్తది. సేటు అడిగిండా నన్ను? నీకు పట్టొస్తదా అని ఒక్క మాట అడిగిండా?"

ఎవరో కిసుక్కుమన్నారు. రాజారాం చెవులు ఎర్రబడ్డాయి.

భీమవ్వ ముందుకొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నీకు చక్రమే కనవడుతున్నది ఎర్రన్నా. నాకు గది ఆయన చెయ్యి. పాణం పోయే యాడాది ఆయనే కూసుండి బిగిచ్చిండు గదా, నేను పక్కన లాంతరు పట్టిన. గా చక్రాన్ని ఇప్పి తుక్కుల పడేస్తరా?"

ఎర్రన్న కోపం కొద్దిగా తడబడింది. "ఏ చక్రం అవ్వా?"

"గదే. మిషన్‌ల ఉన్నది."

"అది సావుకారి బిగిచ్చింది కాదు."

"కాదా?"

"సావుకారి బిగిచ్చినది గా యాడాదే అరిగింది. రెండు చైన్లకు ఒక చక్రం మార్చాలె ఎర్రన్నా, లేకపోతే మూడో చైను నీ కాలు తింటది అని నాకు నేర్పిందే ఆయన. ఆయనే ఇప్పిండు. ఇప్పుడున్నది నేను బిగిచ్చిన. ఆయన పక్కన కూసుండి బీడీ తాగిండు."

"మరి ఆయన బిగిచ్చినదేమైంది?"

ఎర్రన్న గేటు వైపు చెయ్యి చూపాడు.

అందరూ అటు తిరిగారు. డిపో గేటు దానంతటదే మూసుకునేటట్టు తీగకు ఒక బరువు వేలాడదీసి ఉంది. గేటు తెరిచి వదిలినప్పుడల్లా అది ఇనుప కమ్మీకి ఠంగుమని తగిలేది. పాలామె వచ్చినప్పుడు ఠంగు, పోయినప్పుడు ఠంగు. "ఆ దరిద్రపు గంట తీసెయ్యండిర, నిద్ర పట్టనియ్యది" అని భీమవ్వ సావుకారి ఉన్నప్పటి నుంచి తిడుతూనే ఉంది.

ఆమె నడుచుకుంటూ గేటు దాకా పోయింది. తీగను పట్టుకుని చూసింది. తుప్పు పట్టిన చక్రం. ఏడు పండ్లు, ఏడూ ఒక పక్కకు వంగినవే.

"ఇక్కడ ఏలాడ దీసిండా!" అన్నది. ఏడుస్తుందేమో అనుకుంది రేణుక. ఏడవలేదు. కోపం వచ్చింది ముసలామెకు, పోయిన మనిషి మీద. "సూసినవా, ఒక్క మాట చెప్పలేదు నాకు! దినాం నేను తిడుతుంటె ఇన్నడు గని, గది నా చేతి చక్రమే భీమా అని ఒక్క మాట అన్నడా? పొద్దున లేస్తె చైను ముచ్చట, పండితె చెక్కల ముచ్చట. నేనేమో దేనికో బొట్లు పెట్టుకుంట కూసున్న!" చక్రాన్ని వదిలింది. ఠంగుమంది. "బిగియ్యి ఎర్రన్నా. శనారం పాపం నా నెత్తిన్నే పడనియ్యి."

ఎర్రన్న కదలలేదు. రాజారాం వైపు చూస్తూ నిలబడ్డాడు.

"అమ్మ బిగియ్యమన్నది గదా" అన్నాడు రాజారాం.

"ఇన్న."

"అయితె బిగియ్యి. సోమవారం నువ్వే పట్టు."

"గట్ల లోపల లోపల అంటె నాకు ఇనరాదు సేటూ. నన్ను తాగినవా అన్నప్పుడు మిషన్ బంద్ ఉండె. అందరు ఇన్నరు. ఇప్పుడు గుడ మిషన్ బందే ఉన్నది."

రాజారాం రేణుక వైపు చూశాడు, సాయం కోసం. నలభై రెండు రోజులుగా ఆ చూపుకు ఆమె ఏదడిగితే అది ఇచ్చేది. ఇప్పుడు చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని కదలకుండా నిలబడింది.

ఆయన ఎంగిలి చెయ్యి ఎండిపోయింది. ఆ చేతిని వెనక దాచుకుని హమాలీల వైపు తిరిగాడు.

"ఎర్రన్న దీపావళికే చెప్పిండు, చక్రం అరిగిందని. నేను తెప్పించిన. తెప్పించి ఇయ్యలేదు. మూడు చైన్లు తెగింది అందుకే. ఆయన తాగలేదు. తప్పు నాది."

"పిలుపు?" అన్నది రేణుక వెనకనుంచి.

రాజారాం ఎర్రన్న వైపు తిరిగాడు. "ఎర్రన్నా" అన్నాడు. "అన్నా" అన్నాడు మళ్లీ, చిన్నగా.

ఎర్రన్న తల ఊపి, కొత్త చక్రాన్ని రేణుక చేతిలోంచి తీసుకున్నాడు.

ఆ తర్వాతి పని చూడటానికి రేణుక మొద్దు పక్కనే గొంతుక్కూర్చుంది. కోపం పోలేదు గాని, కళ్లు మాత్రం ఆ వేళ్లను వదలలేదు. ఎర్రన్న చైను నడిచే పట్టీని ఎత్తి పక్కన పెట్టాడు. ఇరుసు కొసనున్న చిన్న క్లిప్పును స్క్రూడ్రైవర్ మొనతో పైకి లేపి, ఎగిరిపోకుండా బొటనవేలితో అదిమాడు. వాషరు వచ్చింది, చక్రం వచ్చింది. దాని వెనక సూదుల్లాంటి సన్నని కడ్డీల బేరింగును కిరోసిన్‌లో కడిగి, గుడ్డతో తుడిచి, కొత్త గ్రీజు రాశాడు. కొత్త చక్రం మీద బొట్లను తుడుస్తుంటే భీమవ్వ "ఒక్కటన్న ఉండనియ్యి" అన్నది.

"పండ్ల మీద వద్దవ్వా. చైనుకు తాకుతది. గీడ మొఖం మీద ఉండనియ్యి." చక్రం చదును మీద ఒక బొట్టు మిగిల్చాడు.

మేకుకు వేలాడుతున్న నాలుగో చైను, చివరిది, రాజారాం తనే తెచ్చి ఇచ్చాడు. ఎర్రన్న దాన్ని ఎక్కించి, బిగువు చూసి, చేత్తో లాగాడు. "ఇను బిడ్డా" అన్నాడు. రేణుక చెవి దగ్గర పెట్టింది. టక్కుమన్న శబ్దం లేదు. పట్టుచీర మడత జారినట్టు జారింది. అంత కోపంలోనూ ఆమె గుండె ఒకసారి గంతేసింది.

తాడు గుంజితే మిషన్ అరిచింది. ఎర్రన్న తుమ్మ మొద్దు మీద ఆనించాడు, అంతే, నొక్కలేదు. పొద్దుటిదాకా పిండిలాగ రాలిన పొట్టు, ఇప్పుడు కొబ్బరి కోరులాగ పొడుగ్గా ఎగిరి రాజారాం చొక్కా మీద పడింది. మొద్దు రెండు ముక్కలై దొర్లింది. హమాలీలు ఈలలు వేశారు.

మిషన్ ఆపి, ఎర్రన్న పాత చక్రాన్ని కింద నుంచి తీశాడు. రాజారాం చెయ్యి చాచాడు.

"ఇటియ్యి. గేటుకు కడుదాం."

"ఇయ్య." ఎర్రన్న దాన్ని తుడిచి, ధోతి మొలలో దోపుకున్నాడు. "ఇది నా తాన ఉంటది. మల్ల ఎవలన్న ఎర్రిగా అంటె తీసి చూపిస్త."

ఆ సాయంత్రం రేణుక దీపాన్ని ఒట్టి చెక్క మీదనే వెలిగించింది. గోడ మీద పువ్వు లేదు. రాజారాం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. సోమవారం తాను కూడా లారీలో పోతానని, ఎర్రన్న కాలుకు డాక్టర్ దగ్గర కట్టు కట్టించానని చెప్పాడు. ఆమె వింటూనే దీపంలో నూనె పోసింది.

"ఇంకా కోపమేనా?"

"ఇంకా."

"ఎన్ని దినాలు?"

రేణుక వత్తిని ఎగదోసింది. "మీ మాట మీద గోరు పెట్టి చూస్త" అన్నది. "గాడి పడకపోతే అప్పుడు చెప్త."